కూలి మాట వచ్చినప్పుడు మౌనమేల?

మన పిల్లలకు మాతృభాషలో ప్రాథమిక విద్య అందవలెనని మనము అడుగుచున్నాము. అడిగినప్పుడెల్ల, 1956లో ఏడవ సవరణ ద్వారా రాజ్యాంగమున చేరిన 350-ఏ అధికరణమును చూపుచున్నాము. అది న్యాయమైన కోరిక. దానిని విడువవలసిన పని లేదు. కాని అదే రాజ్యాంగమున 43వ అధికరణము కూడ కలదు. పనిచేయువారందరికిని గౌరవముగా బ్రతుకుటకు చాలిన వేతనము లభించునట్లు రాజ్యము ప్రయత్నింపవలెనని అది చెప్పుచున్నది. మొదటి అధికరణము మన వార్షిక సభలలో ప్రతి వక్త నోటను వినబడును. రెండవదానిని ఎత్తినవారు ఎందరు? ఎవరైన ఎత్తినను, వేదికమీది పెద్దలు ఒకరి ముఖమొకరు చూచుకొని తరువాతి తీర్మానమునకు పోవుటయే అలవాటైనది. ఈ అలవాటును ఇకనైన మానవలెనని చెప్పుటకే ఈ వ్యాసము.

ఇప్పుడే ఏల చెప్పవలెననిన, కనీస వేతనమును గూర్చిన వాదము దేశమందు మరల తలయెత్తినది. 1948 నాటి కనీస వేతనముల చట్టమునకు బదులుగా పార్లమెంటు 2019లో వేతనముల స్మృతిని చేసెను. అది 2025 నవంబరు 21 నుండి అమలులోనికి వచ్చినది. పాత చట్టము ప్రభుత్వపు పట్టికలో పేరున్న పనులకు మాత్రమే వర్తించెడిది. క్రొత్త స్మృతి ఆ పట్టికతో నిమిత్తము లేక అన్ని పనులవారికిని కనీస వేతనపు హక్కు కలదనుచున్నది. కేంద్రప్రభుత్వము ఒక పునాది వేతనమును నిర్ణయించుననియు, ఏ రాష్ట్రమును అంతకు తక్కువగా నిర్ణయింపరాదనియు అందు కలదు. మాట మంచిదే. ఆ పునాది అంకె ఎంతయై యుండవలెననునదే అసలు ప్రశ్న.

రెండు అంకెలను పాఠకుల ముందుంచుచున్నాము. 2017లో కేంద్రప్రభుత్వము సూచించిన జాతీయ కనీస స్థాయి దినమునకు 176 రూపాయలు. దానికి చట్టబలము సైతము లేదు, సలహా మాత్రమే. నెలకు 26 పనిదినములు లెక్కించినచో 4,576 రూపాయలు వచ్చును. నలుగురుగల కుటుంబమునకు దానిని పంచినచో మనిషికి దినమునకు 38 రూపాయలు. తిండి, బట్ట, ఇంటి అద్దె, వంటచెరకు, మందు, బడి అన్నియు ఆ 38 రూపాయలలోనే జరుగవలెను. 2019లో, అనూప్ సత్పతి గారి అధ్యక్షతన ప్రభుత్వమే నియమించిన నిపుణుల సంఘము, 2018 జూలై నాటి ధరలనుబట్టి దినమునకు 375 రూపాయలు, అనగా నెలకు 9,750 రూపాయలు, ఉండవలెనని నివేదించెను. రెండేండ్ల ఎడమున వచ్చిన ఈ రెండంకెల నడుమ 199 రూపాయల తేడా కలదు. ఒక కుటుంబపు పాలు, పప్పు, పలక, మందుసీసా అన్నియు ఆ తేడాలోనే యున్నవి.

వేతనము లెక్కించు పద్ధతి క్రొత్తది కాదు

కనీస వేతనమనగా యజమాని ఇష్టపడి ఇచ్చునది కాదు, కార్మికుడు గొంతు చించుకొని సంపాదించునది కాదు. లెక్క కట్టి నిర్ణయింపదగినది. 1957లో జరిగిన పదునైదవ భారత కార్మిక సమ్మేళనమున ప్రభుత్వమును, యజమానులును, కార్మిక సంఘములును కలిసి కూర్చుండి ఆ లెక్కను ఒప్పుకొనిరి. సంపాదించు ఒకరిపై ఆధారపడిన కుటుంబమును మూడు భుక్తి ప్రమాణములుగా తీసికొనిరి: పురుషుడు ఒకటి, స్త్రీ 0.8, ఇద్దరు పిల్లలు చెరి 0.6. ప్రమాణమునకు 2,700 కెలోరీల ఆహారము, కుటుంబమునకు ఏటికి 72 గజముల బట్ట, ఇంటి అద్దె, వంటచెరకు దీపము మొదలగువాటికి మొత్తములో 20 శాతము. 1991లో సుప్రీముకోర్టు దీనికి మరియొక 25 శాతము చేర్చవలెననినది. పిల్లల చదువు, వైద్యము, పండుగలు, పెండ్లి, వార్ధక్యము వీనికై ఆ భాగము.

ఈ లెక్కను మన కులవృత్తులవారు ఒకమారు నిదానించి చూడవలెను. మనిషికి ఏటికి 18 గజముల బట్ట కావలెనని దేశమంతయు కలిసి ఒప్పుకొనినది. ఆ బట్టను నేయు పద్మశాలి మరమగ్గపు కార్మికుని కూలిలో ఆ 18 గజములకు చోటున్నదా? స్త్రీని 0.8గా లెక్కించి, ఆమెను భర్త సంపాదనపై బ్రతుకు మనిషిగా ఎంచిరి. షోలాపురపు బీడీ కార్మికుల ఇండ్లలో సంపాదించునది అనేక సందర్భములలో ఆమెయే. ముసలి తలిదండ్రులు ఆ లెక్కలోనే లేరు. సత్పతి సంఘము ఈ మూడు ప్రమాణములను 3.6కు పెంచుట ఈ లోపమును కొంత దిద్దుటకే. కావున ఆ లెక్క ఉదారమైనదని ఎవరును అనజాలరు. అది కనీసమునకు కనీసము.

ఈ చరిత్రలో తెలుగువారి పాత్ర లేకపోలేదు. బరంపురమున 1894లో జన్మించిన వరాహగిరి వేంకటగిరి గారు నేటి ఒడిశాలోని తెలుగు కుటుంబముల బిడ్డయే. రైల్వే కార్మికుల ఉద్యమమున పెరిగి, 1952లో కేంద్ర కార్మికమంత్రి అయిరి. బ్యాంకు ఉద్యోగుల జీతములపై న్యాయస్థాన మండలి ఇచ్చిన తీర్పును ప్రభుత్వము తగ్గించి సవరింపగా, 1954లో మంత్రిపదవికి రాజీనామా ఇచ్చిరి. తరువాత ఆయన రాష్ట్రపతి అయినప్పుడు మనము సంబరపడితిమి. ఆయన చిత్రపటములు మన గ్రంథాలయముల గోడలపై నేటికిని కలవు. కూలిని తగ్గించుటకు ఒప్పక మంత్రిపదవినే వదులుకొనిన మనిషి పటము క్రింద కూర్చుండి, కూలి మాట మన సంఘమునకు సంబంధింపదనుట ఎట్లు చెల్లును?

మనవారిలో కూలివారెవరు?

వెలినాటి తెలుగువారనగానే వర్తకులు, గుమాస్తాలు, అధ్యాపకులు, పురాతన సంస్థానములలో కొలువుచేసినవారి వంశీకులు మన తలపునకు వత్తురు. సంఘముల సభ్యత్వపు పట్టికలలో కనబడువారు కూడ వారే. కాని లెక్కకు మిక్కిలి ఎవరు? బొంబాయి కామాఠిపురమునకు ఆ పేరు తెలంగాణమునుండి వచ్చి కట్టడపు పనులు చేసిన కామాఠీలవలన వచ్చినది. షోలాపురము, భివండీలలో మరమగ్గముల చప్పుడు మధ్య బ్రతుకువారు మనవారే. చెన్నపట్టణపు వీధులు ఊడ్చువారిలో ఆది ఆంధ్రులు, అరుంధతీయులు ఎందరో ఇంటిలో తెలుగు పలుకుదురు. బెంగుళూరు పౌరకార్మికులలో రాయలసీమనుండి తరముల క్రిందట వచ్చినవారి సంతతి మెండు. 2025 ఆగస్టులో చెన్నపట్టణమున కార్పొరేషను భవనము ఎదుట పారిశుద్ధ్య కార్మికులు దినముల తరబడి కూర్చుండిరి. ప్రైవేటు గుత్తేదారు క్రిందికి పోయినచో జీతము తగ్గుననునదే వారి మొర. వారిని ఆగస్టు 13 రాత్రి పోలీసులు అక్కడినుండి తొలగించిరి. ఆ వాడలలో మాట్లాడునది తెలుగే. వారికై ఎన్ని తెలుగు సంఘములు ఒక తీర్మానమైన చేసినవి?

అన్నిటికంటె స్పష్టమైన ఉదాహరణము షోలాపురము. అక్కడ బీడీలు చుట్టు వేలాది స్త్రీలలో అధికసంఖ్యాకులు తెలుగు మాటలాడు పద్మశాలి కుటుంబములవారు. ఆమె కార్ఖానాకు పోయి ఆకును, పొగాకును తూకమువేయించి తెచ్చుకొనును. ఆకును తడిపి, కత్తెరతో కొలతకు కత్తిరించి, చేట ఒడిలో పెట్టుకొని చుట్టి, దారము కట్టి, ఇరువదియైదింటిని ఒక కట్టగా చేసి మరల అప్పగించును. కూలి వేయి బీడీల లెక్కన. చేయి వేగముగల ఆమెకు సైతము వేయి బీడీలకు దినమంతయు పట్టును. తెచ్చిన ఆకు చిల్లులుపడినదైన తరుగు ఆమెదే. బాగులేవని ప్రక్కకు తీసిన బీడీలకు కూలి లేదు. వారమున కొన్ని దినములే సరకు ఇచ్చినచో మిగిలిన దినములు కూలి లేని దినములే. కాగితముమీద వేయి బీడీల రేటు చట్టమునకు సరిపోవచ్చును. ఆమె చేతికి వచ్చు నెలసరి మొత్తము ఎన్నడును సరిపోదు. ముక్కల లెక్కన పనిచేయువారికి సైతము కాలపు లెక్కన కనీసము దక్కునట్లు రేటు నిర్ణయింపవచ్చునని 1948 చట్టములోను, నేటి స్మృతిలోను కలదు. ఆ సదుపాయము ఈమె గడప దాటి లోనికి రాలేదు.

వడ్డించువాడు మనవాడైన కడపంక్తిని కూర్చున్నను భయము లేదని సామెత. ఇచ్చట కమీషనుదారు మనవాడే, మగ్గపు యజమాని మనవాడే, సంఘపు అధ్యక్షుడును మనవాడే. అయినను కడపంక్తికి వచ్చుసరికి గిన్నె ఖాళీ. శ్రావణ పూర్ణిమనాడు మార్కండేయ స్వామి రథోత్సవమున యజమానియు కూలివాడును ఒకే ఊరేగింపులో నడుతురు. మరునాటినుండి ఒకరి లెక్క ఒకరికి తెలియదు.

భాషాసంఘమునకు కూలితో పనియేమి?

మన పెద్దలలో కొందరు చెప్పు మొదటి అభ్యంతరము ఇది: "మనది భాషాసంఘము. ఇందు యజమానులును కలరు, కార్మికులును కలరు. కూలి మాట తెచ్చినచో సంఘము రెండుగా చీలును. ఆ పనికి కార్మిక సంఘములున్నవి గదా." ఈ మాట చెప్పువారి సద్బుద్ధిని మేము శంకింపము. అయినను అడుగుచున్నాము: తెలుగు బడులలో పిల్లలు తగ్గుచున్నారని ప్రతి సభలో విలపించుచున్నామే, ఆ పిల్లలు ఎచ్చటికి పోవుచున్నారు? కొందరు ఇంగ్లీషు బడికి పోవుట నిజమే. మరికొందరు తల్లి ప్రక్కన కూర్చుండి బీడీలకు దారము కట్టుచున్నారు. తల్లి కూలి చాలనప్పుడు పిల్ల వ్రేళ్లు ఆ లోటు తీర్చవలసియున్నది. ఆ పిల్లకు పలకయు, వాచకమును ఉచితముగా పంచి మనము ఫోటోలు తీయించుకొందుము. ఆమెకు కావలసినది సాయంకాలమున చదువుకొను తీరిక. ఆ తీరిక తల్లి కూలిలోనుండి తప్ప మరెచ్చటనుండియు రాదు.

చీలిక సంగతి. మౌనము వహించిన సంఘము ఏకముగా నున్నదని ఎవరు చెప్పిరి? కార్మికుడు సభకు వచ్చుట మానుకొనినప్పుడే అది చీలినది. ఆ చీలిక చప్పుడు లేక జరిగినందున మనకు వినబడలేదు. యానామున 2012 జనవరిలో ఒక పింగాణీ కర్మాగారమున జీతముల పెంపు, ఉద్యోగముల స్థిరీకరణ విషయమై రేగిన తగాదా రెండు నిండు ప్రాణములు బలిగొనినది: ఒకరు కార్మిక నాయకుడు, మరియొకరు సంస్థ ఉన్నతాధికారి. ఆ హింసను ఏ పక్షమునను మేము సమర్థింపము. కూలి మాట నెమ్మదిగా మాటలాడుకొను స్థలము ఊరిలో లేకపోయిన ఏమగునో అది చూపినది. మన సంఘములు ఆ స్థలము కాగలవు.

వ్యాపారుల వాదములు

రెండవ అభ్యంతరము వ్యాపారులది: "కూలి పెంచినచో పరిశ్రమ ప్రక్క రాష్ట్రమునకు పోవును, ఉన్న కూలియు పోవును." ఇది కేవలము బెదరింపు కాదు, జరిగినదే. 1966 నాటి బీడీ, చుట్ట కార్మికుల చట్టమును కేరళమున 1968లో అమలు చేయబూనగా, మంగుళూరు యజమానులు కణ్ణూరు ప్రాంతపు పనిని ఆపి వెడలిపోయిరి. వేలాది కార్మికులు వీధినిబడిరి. కథ అంతటితో ముగియలేదు. 1969లో ఆ కార్మికులే రాష్ట్రప్రభుత్వపు తోడ్పాటుతో దినేశ్ బీడీ సహకార సంఘమును స్థాపించుకొనిరి. చట్టము చెప్పిన కూలి ఇచ్చుచు, సెలవులు, బోనసు, భవిష్యనిధి ఇచ్చుచు దానిని నడిపిరి. 1980లలో నలువదివేలమంది వరకు దానియందు పనిచేసిరి. బీడీ వాడుక తగ్గిన తరువాత ఆ సంఘము కొబ్బరిపాలు, గొడుగులు వంటి వస్తువుల తయారీకి మరలినది. చట్టబద్ధమైన కూలి ఇచ్చి బీడీ వ్యాపారము నడుపుట అసాధ్యమను మాటకు ఇది చాలిన జవాబు.

అంతేకాక, ఈ వాదము నిజమునకు జాతీయ పునాది వేతనమునకే అనుకూలము. మహారాష్ట్రమున పెంచిన తెలంగాణమునకు, అక్కడ పెంచిన కర్ణాటకమునకు పరుగెత్తు వ్యాపారి, దేశమంతట ఒకే పునాది యున్నచో ఎచ్చటికి పరుగెత్తును? ఒక రాష్ట్రము ఒంటరిగా పెంచినచో పరిశ్రమ పారిపోవునని భయపడువారు పునాది వేతనమును 375కు తక్కువ కాకుండ, ఆ పైన పెరిగిన ధరలను కలిపి, నిర్ణయింపుడని మనకంటె ముందు అడుగవలెను. అట్లు అడుగుటలేదనిన, వారి భయము వేరు.

మూడవది: "కూలి పెరిగిన ఉద్యోగములు తగ్గునని అర్థశాస్త్రము చెప్పుచున్నది." అర్థశాస్త్రము అంత ఏకకంఠముగా చెప్పుటలేదు. అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రము 1992లో కనీస వేతనమును పెంచగా, ఆ పెంపు లేని ప్రక్క రాష్ట్రమగు పెన్సిల్వేనియాతో పోల్చి, కార్డు, క్రూగరు అను ఆచార్యులు 1994లో ఒక పరిశోధన ప్రకటించిరి. పూటకూళ్ల దుకాణములలో ఉద్యోగములు తగ్గినట్లు వారికి కనబడలేదు. దానిపై వాదోపవాదములు నేటికిని కలవు. అయినను కార్డు గారికి 2021లో నోబెలు బహుమానము వచ్చినది. అమెరికా అనుభవము షోలాపురమునకు యథాతథముగా వర్తించునని మేమనము. కాని ఒక సూత్రము రెండు చోట్లను ఒకటే. పనివారు అనేకులై, పని ఇచ్చువాడు ఒక్కడే యైనచోట, కూలి తక్కువగా నుండుటకు కారణము సరకు విలువ తక్కువ యగుట కాదు. పనివారికి మరియొక గుమ్మము లేకపోవుట. ఇల్లు విడిచి పోజాలని స్త్రీకి వీధి చివరనున్న కమీషనుదారు ఒక్కడే దిక్కు. అట్టిచోట చట్టము కూలిని పెంచినను పని తగ్గవలసిన అగత్యము లేదు; నడుమనున్నవాని లాభము తగ్గును.

నాలుగవది ధరల మాట. లెక్క చూతము. వేయి బీడీలనగా ఇరువదియైదేసి గల నలువది కట్టలు. వేయింటికి 40 రూపాయలు కూలి పెంచినచో కట్టకు పడునది ఒక్క రూపాయి. 80 పెంచిన రెండు రూపాయలు. పన్ను పెరిగినప్పుడు కట్ట ధర పెంచుటకు జంకని వ్యాపారి కూలి దగ్గర మాత్రమే కొనువాని మీద జాలిపడుచున్నాడు. 2017లో బీడీపై 28 శాతము పన్ను పడినప్పుడు కూలి పెంచుట అసాధ్యమనిరి. 2025 సెప్టెంబరులో జి.ఎస్.టి. మండలి దానిని 18 శాతమునకు తగ్గించుటకు నిర్ణయించినది. ఆ పది శాతములో చుట్టిన చేతికి ఎంత అని ఎవరైన అడిగిరా? 1976 చట్టము క్రింద బీడీలపై వసూలుచేసి కార్మికుల వైద్యమునకు, పిల్లల విద్యార్థివేతనములకు వినియోగించిన సుంకమును 2017లో ఎత్తివేసినప్పుడు కూడ మన సంఘములు పలుకలేదు.

బీడీ ఆరోగ్యమునకు హానికరమైనది, అది నశించిన మేలేగదా అనువారును కలరు. మేమును ఆ పొగను పొగడము. కాని నశించు వృత్తిలో చిక్కినవారికి నేడు చాలిన కూలి లేకున్న, వారి బిడ్డలు రేపు మరియొక వృత్తికి ఎట్లు పోగలరు?

చిన్న యజమాని కష్టము

ఇక అన్నిటిలో బరువైన అభ్యంతరము చిన్న యజమానిది. నాలుగు మరమగ్గములు పెట్టుకొని, అప్పు తీర్చుచు, కరెంటు బిల్లు కట్టుచు, తానును రాత్రిపాళి నడుపు మనిషి "నాకే మిగులుట లేదు, ఎచ్చటనుండి ఇత్తును?" అని అడుగుచున్నాడు. ఆ మనిషి అబద్ధమాడుటలేదు. నూలు ఇచ్చి బట్ట తీసికొను పెద్ద వర్తకుడు గజమునకు ఇంతయని రేటు కట్టును. చిన్న యజమాని ఆ రేటులోనుండియే కూలి ఇవ్వవలెను. అయినను కష్టమును తన క్రిందివానిపైకి దింపుట పరిష్కారము కాదు. పరిశ్రమకు ఇచ్చు శక్తి లేదను కారణమున కనీస వేతనమును తగ్గింప వీలులేదని 1961లో కేరళపు పెంకుల పరిశ్రమ వ్యాజ్యమున సుప్రీముకోర్టు తేల్చినది. కనీస వేతనమునకు తక్కువ ఇచ్చి పనిచేయించుట రాజ్యాంగపు 23వ అధికరణము నిషేధించిన వెట్టితో సమానమని 1982లో, ఆసియా క్రీడల కట్టడపు కార్మికుల వ్యాజ్యమున చెప్పినది. వెట్టి అను మాటకు మన భాషలో ఎంత చరిత్ర కలదో చెప్పనక్కరలేదు.

చిన్న యజమాని చేయదగినది ఒకటి కలదు. కనీస వేతనపు ఉత్తరువును అడ్డము పెట్టుకొని పెద్ద వర్తకునితో "ఈ రేటుకు నేయజాలను, చట్టము ఒప్పదు" అనవచ్చును. ఊరిలోని మగ్గపువారందరు ఒకే కూలికి కట్టుబడినచో ఒకరిని ఒకరిపై పురికొల్పి రేటు తగ్గించు ఆట సాగదు. నిజము చెప్పవలెనన్న, చట్టము కార్మికునకు ఎంత అండయో చిన్న యజమానికిని అంత అండ.

ఇక దానధర్మముల మాట. దసరాకు చీర ఇత్తుము, పెండ్లికి సాయపడుదుము, జబ్బుచేసిన ఆస్పత్రికి పంపుదుము అని చెప్పు పెద్దలు మనలో చాలమంది కలరు. వారి దయను కాదనము. కాని ఇచ్చిన చీరకు ఋణపడి, అడుగవలసిన కూలిని అడుగలేని స్థితి వచ్చినచో ఆ చీర ధర ఎక్కువయే. షోలాపురపు బీడీ స్త్రీలు యాచకులు కారు. మాజీ శాసనసభ్యుడు నరసయ్య ఆడం గారి నాయకత్వమున ఏండ్ల తరబడి పోరాడి కుంభారిలో పదివేల ఇండ్ల కాలనీని సాధించుకొనిరి. తరువాత రాయనగరులో మరమగ్గపువారు, బీడీవారు మొదలగువారికి 15,000 ఇండ్లు 2024 జనవరిలో అందినవి. ఇల్లు కట్టుకొనగలిగినవారు పొయ్యి వెలిగించుకొనుటకు మరియొకరి దయపై ఆధారపడవలెనా?

సంఘములు చేయవలసినది

"చట్టములు చేసిన నేమి, అమలు లేదు గదా" అను నిట్టూర్పు కడపటిది. అమలు లేకపోవుటకు మనమును బాధ్యులము. కనీస వేతనపు ఉత్తరువులు మరాఠీలో, కన్నడములో, తమిళములో, ఒడియాలో వెలువడును. తెలుగు మాత్రమే చదువగల కార్మికురాలికి తన కూలి ఎంతయో తెలుపు కాగితము ఆమె భాషలో దొరకదు. భాషాసంఘమునకు కూలితో పనియేమని అడిగినవారికి ఇదియే మా తుది జవాబు: తన హక్కును తన భాషలో చదువుకొనగలుగుట భాషాహక్కు కాదా?

కావున ప్రతి శాఖను నాలుగు పనులు చేయుమని కోరుచున్నాము. మొదటిది, తమ రాష్ట్రపు కనీస వేతన ఉత్తరువులను, ముక్కల రేట్లతో సహా, వెలువడినప్పుడెల్ల తెలుగున అచ్చువేసి వాడలలో, గుడి ముందు, బడి గోడపై అంటింపవలెను. రెండవది, సంఘ సభ్యులగు యజమానులు తాము ఇచ్చు రేటును వ్రాతమూలముగా సంఘమునకు తెలిపి, కార్మికులకు తప్పక కూలిచీటి ఇవ్వవలెను. చట్టపు కనీసమునకు తక్కువ ఇచ్చువారికి సంఘ పదవులు ఉండరాదు. మూడవది, పునాది వేతనము సత్పతి సంఘపు 375 రూపాయలకు 2018 తరువాత పెరిగిన ధరలను కలిపిన మొత్తమునకు తగ్గరాదని కేంద్ర కార్మికశాఖకును, ఆయా రాష్ట్రప్రభుత్వములకును వినతిపత్రములు పంపవలెను. నాలుగవది, సభ్యత్వపు చందాను కూలివారు ఇచ్చుకొనగలంతకు తగ్గించి, కార్యవర్గమున బీడీ స్త్రీకి, మగ్గపు కార్మికునకు, పౌరకార్మికునకు స్థానము కల్పింపవలెను.

ఇందు మూడవది తప్ప మిగిలినవానికి ఏ ప్రభుత్వపు అనుమతియు అక్కరలేదు. రాబోవు కార్యవర్గ సమావేశములలో వీనిని చర్చకు పెట్టుడు. మా వాదము తప్పని తలచు పెద్దలు కారణములతో వ్రాసి పంపుడు. ఒక్క అక్షరము తీయక ఈ పుటలలోనే ప్రచురింతుము. ఏమియు చెప్పక తరువాతి తీర్మానమునకు పోవుట మాత్రము ఇక కుదరదు.